చదువు మానితేనే ఆటా?

ముక్తేశ్వరం: అమలాపురానికి చెందిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరు తెలియని ఊరు కోనసీమలో లేదు. చిరాగ్ శెట్టితో జతకట్టి అతడు 2023 అక్టోబరులో ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో స్వర్ణ పతకం సాధించాడు. అదే నెలలో ఆ జంట ప్రపంచంలో మొదటి ర్యాంకు అందుకుంది. జిల్లా ప్రజలకు ఇంతకంటె గర్వకారణం ఏముంటుంది?

అయితే ఆ గర్వం వెంటనే ఒక చిక్కు ప్రశ్న కూడా వచ్చి కూర్చుంది. షటిల్ బాగా ఆడే కుర్రవాడున్న ప్రతి ఇంటా ఇప్పుడు ఇదే చర్చ. ఇంటర్ మధ్యలో మాన్పించి అకాడమీలో చేర్పించడమా? డిగ్రీ అయ్యేవరకు ఆగడమా? అరుగుల మీద అందరూ సలహాలు ఇచ్చేవారే. ఫలితం అనుభవించవలసింది మాత్రం ఆ ఒక్క కుటుంబమే.

ఒకనాడు ఈ ప్రశ్నే లేదు. పల్లెల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడినవారు పగలు పని చేసుకుని సాయంత్రం కోర్టుకు వచ్చేవారు. వరంగల్‌కు చెందిన జమ్మలమడక పిచ్చయ్యకు 1970లో ఆ ఆటలోనే అర్జున అవార్డు వచ్చింది. ఆట పేరు తెచ్చేది. కూడు పెట్టేది వేరే పని. నేడు ఆటే బతుకుతెరువు కాగలదని తేలింది. అందుకే తల్లిదండ్రులకు ఈ తర్జనభర్జన.

త్వరగా వెళ్లాలనే వారి వాదనలో బలం లేకపోలేదు. సాత్విక్ 2014లో, పద్నాలుగో ఏట, హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. పదిహేడేళ్ల వయసులో 2018 కామన్వెల్త్ క్రీడల్లో జట్టు స్వర్ణంలో భాగస్వామి అయ్యాడు. పంతొమ్మిదేళ్లు నిండకముందే 2019 థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచాడు. డిగ్రీ పట్టా చేతికి వచ్చాక చూద్దామనుకుంటే ఇవేవీ జరిగేవి కావు. శరీరానికి పదును వచ్చే వయసు ఎవరి కోసమూ ఆగదు.

కాని ఒక్క సంగతి మరువరాదు. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, తల్లి కూడా ఉపాధ్యాయురాలే. ఆట లోతు తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ఎకరం కొబ్బరితోట మీద బతికే రైతుకు, కూలికి పోయే కుటుంబానికి ఈ రెండూ లేవు. సాత్విక్ నడిచిన దారి అందరికీ కనబడుతుంది గాని, ఆ దారికి ముందే ఎంత పునాది పడిందో కనబడదు.

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే కాలేజీ కుర్రవాళ్ల విషయంలోనూ ఈ చర్చ ఏళ్ల తరబడి సాగుతోంది. పందొమ్మిదేళ్ల వయసు, హైస్కూలు ముగిశాక ఒక ఏడాది గడువు ఉంటే తప్ప తమ దేశపు కుర్రవాళ్లను తీసుకోరాదని అక్కడి పెద్ద లీగు ఎన్‌బీఏ 2005లో నియమం పెట్టుకుంది. పంజాబ్ పల్లెటూరి రైతు బిడ్డ సత్నామ్ సింగ్ కాలేజీ ఆట ఆడకుండానే 2015లో ఆ లీగు ఎంపికల్లో డల్లాస్ జట్టుకు ఎంపికయ్యాడు. ఆ ఘనత పొందిన తొలి భారతీయుడు అతడే. అయినా ఆ లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. ఎంపిక కావడం వేరు, నిలదొక్కుకోవడం వేరు.

పైగా అక్కడ మొదటి వరుసలో ఎంపికైన కుర్రవాడికి కాంట్రాక్టు సొమ్ము ముందే ఖాయమవుతుంది. ఇక్కడ చదువు మానిన కుర్రవాడి కోసం ఎదురుచూసేవి శిక్షణ ఫీజు, హాస్టలు ఖర్చు, రాకెట్లు, బూట్లు, రైలు చార్జీలు. బ్యాడ్మింటన్‌లో నెల జీతం లేదు. గెలిస్తేనే బహుమతి. తొలి రౌండులోనే ఓడినవాడికి వచ్చేది దారి ఖర్చుకైనా చాలదు. గాయమైతే అదీ లేదు.

ఈ మాట ఆట అంటే గిట్టనివారు అంటున్నది కాదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ స్వయంగా 2025 ఫిబ్రవరిలో తల్లిదండ్రులను హెచ్చరించారు. ధనవంతులైతేనో, కుటుంబ వ్యాపారం ఉంటేనో తప్ప పిల్లలను ఆటే వృత్తిగా పంపవద్దని, ఆట నమ్ముకున్నవారిలో నూటికి ఒక్కరైనా నిలబడడం లేదని ఆయన భావం. ఎందరో ఛాంపియన్లను తయారుచేసిన గురువే ఇలా అన్నారంటే పొలం తాకట్టు పెట్టబోయే తండ్రి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

అలాగని ఆట మాన్పించడమూ న్యాయం కాదు. రెండూ సాగించవచ్చునని పి.వి. సింధు చూపింది. హైదరాబాదులోని సెయింట్ ఆన్స్ కాలేజీలో చదువు కొనసాగిస్తూనే ఆడింది. 2016లో ఒలింపిక్ రజతం తెచ్చింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆమెను డిప్యూటీ కలెక్టర్‌గా నియమించింది. ఆడపిల్లను ఆటకు పంపడానికి వెనుకాడే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కనుక త్వరపడదలచినవారు కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవడం మంచిది. తీర్థాల్లో, సంక్రాంతి పోటీల్లో గెలిచిన కప్పులను కొలతగా తీసుకోరాదు. రాష్ట్ర, జాతీయ స్థాయిలో తన వయసువారి మధ్య పిల్లవాడి స్థానం ఏమిటో చూడాలి. ఫీజు పుచ్చుకునే శిక్షకుణ్ణి కాక, ఆట తెలిసిన మరొకరిని అడగాలి. రెండు మూడేళ్ల గడువు ముందే అనుకోవాలి. కాలేజీకి వెళ్లే వీలు లేకుంటే ఓపెన్ స్కూలు ద్వారానైనా ఇంటర్ పూర్తి చేయించాలి. వడ్డీకి అప్పు తెచ్చి మాత్రం ఆడించరాదు.

భారమంతా తల్లిదండ్రుల మీదే వేయడమూ తగదు. పోటీలకు వెళ్లే విద్యార్థికి హాజరులో, పరీక్షల్లో కాలేజీలు వెసులుబాటు ఇవ్వాలి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. పిల్లలు ఇంటికి దగ్గరలోనే చదువుకుంటూ మంచి శిక్షకుల దగ్గర ఆడుకునే ఏర్పాటు చేయడం అధికారుల బాధ్యత. అప్పుడు చదువా, ఆటా అని పద్నాలుగేళ్ల పసివాణ్ణి నిలదీయవలసిన అగత్యమే ఉండదు.

ముక్తేశ్వరం రేవులో పంటి ఎక్కేవారికి ఒకటి తెలుసు. ఒక కాలు పంటి మీద గట్టిగా ఆనాకనే రెండో కాలు ఒడ్డు మీదనుంచి తీస్తారు. ఆట కోసం చదువును వదిలేముందు తల్లిదండ్రులు పాటించవలసిన జాగ్రత్త కూడా ఇదే.