ఒడి ఇచ్చే ధైర్యం

ఐదేళ్ల పసివాడు తండ్రి ఒడి ఎక్కబోయాడు. ఆ ఒడిలో అప్పటికే సవతి తల్లి కుమారుడు ఉత్తముడు కూర్చుని ఉన్నాడు. సురుచి అడ్డుపడింది. ఆ భాగ్యం కావాలంటే తన కడుపున పుట్టి ఉండవలసిందని పసివాణ్ణి ఎత్తిపొడిచింది. ఉత్తానపాద మహారాజు నోరు మెదపలేదు.

ధ్రువోపాఖ్యానం ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. అయితే ఆ కథలో మనం త్వరగా దాటిపోయే ఘట్టం ఒకటుంది. అవమానపడిన బాలుడు నేరుగా అడవికి పోలేదు, ఏడుస్తూ తల్లి వద్దకు వెళ్లాడు. సునీతి బిడ్డను ఎత్తి ఒడిలోకి తీసుకుంది. తానూ కన్నీరు పెట్టుకుంది. ఎదుటివారికి కీడు తలపవద్దనీ, శ్రీహరి పాదాలను ఆశ్రయించమనీ ఆ తరువాతే చెప్పింది. మధువనంలో ధ్రువుడు చూపిన స్థైర్యానికి నారద మహర్షి ఉపదేశం దారి చూపితే, తల్లి ఒడి పునాది వేసింది.

‘లాలిస్తే పిల్లలు మెత్తబడిపోతారు, కష్టాలకు తట్టుకోలేరు’ అనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. మొదటి ఐదేళ్లూ లాలించమనీ, ఆ పైన దండించమనీ నీతికారులు చెబితే, రెండో సగాన్నే మనం జ్ఞాపకం పెట్టుకున్నాం. ఆ మొదటి సగానికి ఎంత బలముందో ఆధునిక జీవశాస్త్రం పరిశోధించి చూసింది.

కెనడాలోని మాంట్రియల్ నగరంలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మైకేల్ మీనీ, మోషే సిఫ్ తదితరులు 2004లో ఒక పరిశోధన ప్రకటించారు. ఎలుకలలో కొన్ని తల్లులు పిల్లలను అదేపనిగా నాకుతూ, నిమురుతూ ఉంటాయి. మరికొన్ని అంతగా పట్టించుకోవు. పుట్టిన తొలి వారంలో తల్లి లాలన పుష్కలంగా పొందిన పిల్లలు పెద్దయ్యాక బెదురు తక్కువగా ఉండి, భయం కలిగినా త్వరగా కుదుటపడ్డాయి. ఇందుకు కారణం వాటి మెదడులోనే కనిపించింది. ఆపద వేళ శరీరంలో ఒత్తిడి హార్మోను పొంగుతుంది. ఆపద తీరాక ఆ పొంగును అణచవలసిందిగా సూచించే గ్రాహకాలు మెదడులో ఉంటాయి. లాలన పొందిన పిల్లలలో ఆ గ్రాహకాలు అధికం. వాటిని తయారుచేసే జన్యువు అన్ని ఎలుకలకూ ఒకటే. లాలన కరువైన పిల్లలలో ఆ జన్యువుపై రసాయన ముద్రలు ఎక్కువగా పడి, దాని పనిని మందగింపజేశాయి. తాళపత్రంలోని అక్షరం చెరిగిపోలేదు, పత్రం తెరుచుకోలేదంతే.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. లాలించని తల్లికి పుట్టిన పిల్లలను, పుట్టగానే లాలించే తల్లి వద్ద ఉంచి చూశారు. అవి కూడా నిబ్బరం గలవిగానే పెరిగాయి. కన్నదెవరన్నది అక్కడ లెక్కకు రాలేదు. పెంచిన స్పర్శే వాటి స్వభావాన్ని దిద్దింది.

ఈ మాట విన్నప్పుడు మహాభారతంలోని ఉద్యోగపర్వం గుర్తుకు రాక మానదు. పాండవ పక్షానికి రమ్మని శ్రీకృష్ణుడు పిలిచినప్పుడు కర్ణుడు తన పెంపుడు తల్లి రాధను తలచుకున్నాడు. తనపై వాత్సల్యంతో ఆమెకు వెంటనే పాలు పడ్డాయనీ, తన మలమూత్రాలను సైతం ఆమె ఎత్తిపోసిందనీ చెప్పి, ఆ బంధాన్ని రాజ్యం కోసం తెంచుకోలేనన్నాడు. పురాణేతిహాసాలలో జన్యుశాస్త్రం దాగి ఉందని చెప్పడం మా ఉద్దేశం కాదు. పెంచిన ప్రేమకు ఎంతటి విలువ ఇవ్వాలో మన పెద్దలు ఎరుగుదురన్నదే చెప్పదలచినది.

ఎలుకల సంగతి మనుషులకు అలాగే వర్తిస్తుందా అని మీరు సందేహించవచ్చు. రుమేనియా రాజధాని బుకారెస్ట్ అనాథాశ్రమాలలో పెరుగుతున్న 136 మంది పసివారిని 2000 దశకం ఆరంభం నుండి శాస్త్రజ్ఞులు గమనిస్తూ వచ్చారు. అక్కడ తిండి, పక్క ఉన్నాయి. పిలిచి ఎత్తుకునే మనిషే కరువు. చీటీల పద్ధతిలో సగంమందిని ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్లలోపు అలా ఒక ఇంటికి చేరినవారి శరీరం ఒత్తిడికి స్పందించే తీరు, సొంత ఇళ్లలో పెరిగిన పిల్లల తీరుకు దగ్గరగా వచ్చింది. ఆశ్రమాలలోనే ఉండిపోయినవారిలో ఆ స్పందన మొద్దుబారింది.

ఈ ఫలితాలను చూపి తల్లులను నిందించడానికి పూనుకుంటే అంతకు మించిన అన్యాయం లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఒత్తిడికి గురైన తల్లి ఎలుకలు పిల్లలను నిమరడం తగ్గించాయని కూడా పరిశోధకులే గుర్తించారు. లాలించే చేతికి ముందు నెమ్మది కావాలి. కాన్పుకు పుట్టింటికి పంపడం, బాలింతకు పథ్యం వండిపెట్టడం, బిడ్డకు నలుగుపెట్టి స్నానం చేయించే పని ఇంటి పెద్దావిడ అందుకోవడం కేవలం ఆచారాలు కావు. తల్లి భారాన్ని నలుగురూ పంచుకునే పద్ధతులవి. చిన్న సంసారాల ఈ రోజుల్లో ఆ వంతు భర్త మీద, అత్తమామల మీద మరింతగా పడుతుంది. కోడలి కంట నీరు పెట్టించి, మనుమడికి రక్షరేకు కట్టించడం వల్ల ప్రయోజనమేముంది?

తండ్రుల మాట కూడా చెప్పుకోవాలి. మార్కుల పట్టిక చేతికి వచ్చినప్పుడో, హాస్టలు నుండి పిల్లవాడు ఫోనులో కంటతడి పెట్టినప్పుడో మీరు మౌనం వహిస్తే, అది ఉత్తానపాదుడి మౌనమే. చదువు గురించి అడిగే ముందు ‘తిన్నావా నాన్నా’ అని అడగండి. బిడ్డ తల నిమరండి. తప్పు చేస్తే సరిదిద్దండి, కానీ ఆ పూట కూడా దగ్గర కూర్చోబెట్టుకునే అన్నం పెట్టండి.

ఆలస్యమైపోయిందని ఎవరూ కుంగిపోనక్కరలేదు. వరం పొంది తిరిగివస్తున్న ధ్రువుడికి ఉత్తానపాదుడు ఎదురేగి, కౌగిలించుకుని, కన్నీటితో కొడుకును తడిపాడు. పాదాలకు మొక్కిన ఆ బాలుణ్ణి సురుచి సైతం లేవనెత్తి అక్కున చేర్చుకుని దీవించింది. ఈ రోజు సంధ్యాదీపం పెట్టి స్వామికి నమస్కరించిన తరువాత, మీ ఇంటి ధ్రువుణ్ణి ఒకసారి దగ్గరకు పిలవండి. కన్నబిడ్డ కానక్కరలేదు. తల్లిలేని మేనల్లుడైనా, పనిమనిషి వెంట వచ్చిన పసిపాపైనా సరే. భగవంతుడు మనకు ఒడిని ఇచ్చింది అందుకే.