తుపాకికి లైసెన్సు సరే, అందులో పోసే మందు ఏది?

కొడగులో కొడవలకూ, జమ్మా భూములున్నవాళ్లకూ ఆయుధాల చట్టం కింద ఉన్న లైసెన్సు మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. 2029 దగ్గరపడేకొద్దీ ఆ చర్చ మళ్లీ లేస్తుంది. మినహాయింపు లేని చోట్ల పంట కాపలాకు పెట్టుకునే తుపాకి మాట వేరు. మూతి నుంచి మందు కూరే నాటు తుపాకిని 1959 చట్టం 13వ సెక్షన్ పంట రక్షణ కోసమని పేరుపెట్టి మరీ చెబుతుంది. ఈ వాదనలన్నీ తుపాకి ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీదే. గొట్టంలో ఏం పోస్తున్నారన్న ప్రశ్న మాత్రం రాదు. వేళ్లు పోయేది అక్కడే.

తికమక మాటలోనే మొదలవుతుంది. మనం తుపాకి మందు అంటాం. తమిళులకు అది వెడిమరుందు, కన్నడిగులకు మద్దు, మరాఠీలో దారూ. ఏ భాషలోనైనా ఒకే మాట, పదార్థాలు మాత్రం రెండు. ఒకటి సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాత మందు. రెండోది నైట్రోసెల్యులోజ్‌తో చేసే పొగలేని మందు. దీన్ని 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ తయారుచేశాడు. నీలగిరుల్లో కూనూరు పక్కనున్న అరువంగాడు కార్డైట్ ఫ్యాక్టరీ పుట్టింది కూడా ఈ జాతి మందు కోసమే. పోనీ పాతదాన్ని నల్లమందు అందామంటే తెలుగులో అది అభిని అయిపోతుంది! పైగా పొగలేని మందు గింజలకు గ్రాఫైట్ పూత పూస్తారు కాబట్టి అదీ నల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది. రంగు చూసి తేల్చుకోవడం కుదరదు.

రెండూ మండే తీరు వేరు. పాత మందు మంట వేగం ఒత్తిడి పెరిగినా మరీ ఎక్కువగా మారదు. పొగలేని మందు అలా కాదు. ఒత్తిడి పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇప్పటి .308 వించెస్టర్ రైఫిల్‌కు పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. దానికి తగ్గ ఉక్కు, తాళంలా బిగుసుకునే బోల్టు అందులో ఉంటాయి. నాటు తుపాకిలో ఉండేది వెనక మరబిగించిన ఒక బిరడా, క్యాపు పెట్టే చిన్న రంధ్రం. గొట్టం చీలితే ముందు పోయేది దాన్ని కింద పట్టుకున్న చెయ్యి. బిరడా ఊడితే అది వచ్చేది ముఖం మీదికే.

పాత మందు దొరక్క 12 బోర్ తూటా విప్పి పొడి తీయాలన్న ఆలోచన వచ్చేవాళ్లకు ఈ లెక్క తెలియాలి. వెనకటి 12 బోర్ తూటాలో పాత మందు సుమారు 5 గ్రాములు పట్టేది. పొగలేని మందైతే ఒకటిన్నర గ్రాము అటూఇటూగా సరిపోతుంది. తాతల నాటి కొలత గొట్టంతో కొలిచి పోస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. "అయితే తక్కువ పోస్తే సరి" అంటారు కొందరు. సరికాదు. గుండు ఎంత బిగువుగా దిగింది, మధ్యలో ఖాళీ ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి ఒత్తిడి ప్రతిసారీ మారుతుంది. ఇంటి దగ్గర కొలిచి దాన్ని అదుపులో పెట్టలేం.

"మొన్న కొట్టాను, ఏం కాలేదు" అన్న మాట ఇంకా ప్రమాదం. హద్దు దాటిన ఒత్తిడికి లోహం కంటికి కనపడని పగుళ్లిస్తుంది. నాలుగోసారో పదోసారో తెగుతుంది. అప్పుడు తుపాకి పట్టుకున్నది కొడుకో పాలేరో కావచ్చు.

అమెరికాలో శావేజ్ కంపెనీ 2000 దశకంలో పొగలేని మందుకు తట్టుకునే కూరు రైఫిల్ అమ్మిన మాట నిజమే. 10ఎంఎల్ అన్న ఆ నమూనాను అందుకనే ప్రత్యేకంగా కట్టారు. అందులోనూ ఫలానా మందు, ఇంత తూకం అని కంపెనీ చెప్పినట్టే పోయాలి. దాన్ని చూపించి మన అటక మీది తుపాకికి అదే న్యాయం పట్టించడం కుదరదు.

ఇంట్లో పాత ఇంగ్లీషు తుపాకి ఉన్నవాళ్లు గొట్టం అడుగున ముద్రలు చూపించుకోండి. బర్మింగ్‌హామ్, లండన్ ప్రూఫ్ హౌస్‌లు పొగలేని మందుకు పరీక్షించిన తుపాకులకు విడిగా ముద్ర వేశాయి. కూరు తుపాకిపై ఆ ముద్ర ఉంటుందని ఆశించకండి. నాటు కమ్మరి చేసినదానికైతే ఏ పరీక్షా జరగలేదు. పేరు చెరిగిపోయిన డబ్బాలో ఏ మందుందో తెలియకపోతే దాన్ని పొయ్యిలో వేయొద్దు, రుచికీ మంటకీ పెట్టి చూడొద్దు. లైసెన్సున్న ఆయుధ వ్యాపారికో పోలీసు స్టేషనుకో ముందు కబురు చెప్పి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి.