నల్లాలం పసరు

చెరుకు కొట్టే దినాల్లో మా ఊళ్లో చేతికి గాయం కాని మనిషి ఉండేవాడు కాదు. కత్తి తప్పితే వేలు తెగేది, తప్పకపోయినా చెరుకాకు అంచు ముంజేతులను బ్లేడులా గీరేది. మందు గట్టు మీదే ఉండేది, నల్లాలం. అవ్వ నాలుగు ఆకులు తెంపి, అరచేతిలో వేసి బొటనవేలితో నలిపేది. ముదురు పచ్చ పసరు గాయం మీద పిండుతూ "కండ్లు మూసుకో బిడ్డా, జెర మండుతది" అనేది. నిజంగానే మండేది. కాసేపటికి రక్తం కట్టేది.

దీనికి ఊరికో పేరు. గడ్డి చేమంతి, గాయపాకు, పలకాకు. ఈ ఆకుతో పలక తోమితే నల్లగా మెరిసేది కాబట్టి బడికి పోయే పిల్లలకు అది పలకాకు. పొడుగు కాడ చివర ఒక్కటే పువ్వు, నడుమ పసుపు, చుట్టూ నాలుగైదు తెల్లటి రేకులు, ఒక్కో రేకు కొసకు మూడు పళ్లు. కాడను మెలేసి ఆ తల ఎగరగొట్టే ఆట వల్ల రావణాసురుడి తలకాయ అనీ అంటారు.

ఇంతగా మనదైపోయిన ఈ మొక్క మనది కాదు. దీని పుట్టిల్లు మెక్సికో వైపు. 1753లో లిన్నేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని పేరు పెట్టాడు.  మనుషుల వెంట ఖండాలు దాటి, దూదిలాంటి గింజలు గాలికెగిరి ఊళ్లంతా పాకిన ఈ మొక్క చరకుడి కంటబడే వీల్లేదు. అయినా ఫోన్లలో వీడియోలు 'వేల ఏళ్ల రుషుల రహస్యం' అంటూ ఊదరగొడుతున్నాయి. కొందరు దీన్నే భృంగరాజం అనేస్తున్నారు. అది గుంటగలగర, వేరే మొక్క.

నాకైతే అసలు కథే ఎక్కువ నచ్చుతుంది. ఎక్కడినుంచో వచ్చిన కలుపు మొక్కను ఏ గ్రంథమూ చెప్పకుండానే మన కూలీ ఆడవాళ్లు పరీక్షించి, పనికొస్తుందని తేల్చుకున్నారు. యూరప్‌లో ఇదే చేమంతి కుటుంబపు యారోను సైనికుల గాయాలకు వాడేవారు, దాని శాస్త్రీయనామంలో గ్రీకు వీరుడు అకిలీస్ ఉన్నాడు. మన నల్లాలం పేరులో ఏ వీరుడూ లేడు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో దీని రసం గాయాలు మానడానికి తోడ్పడిందని తేలింది. మనుషుల మీద అంత గట్టి రుజువు లేదు.

ఒక్క విషయంలో మాత్రం అవ్వతో నాకు పేచీ. ధనుర్వాతం క్రిములు ఉండేది మట్టిలో, పేడలో. గట్టు మీది ఆకు మట్టి అంటకుండా ఎలా ఉంటుంది? లోతుగా దిగిన కత్తిగాటుకు పసరు పిండి ఊరుకోవడం ప్రాణంతో చెలగాటం. కడగాలి, సూది వేయించుకోవాలి.

మా చెరుకు పోయే చక్కెర ఫ్యాక్టరీ, 1937లో మొదలైన నిజాం షుగర్స్‌కు 2015 డిసెంబరులో తాళం పడింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ పేరులో శక్కర మిగిలింది, చుట్టూ చెరుకు పోయి వరి వచ్చింది. చెరుకుతో పాటు కత్తిగాట్లూ తగ్గాయి, మంచిదే. కానీ గట్ల మీద కూడా కలుపు మందు కొడుతున్నారు. టూ ఫోర్ డి అనే ఆ మందు వరిని వదిలేసి వెడల్పాకు మొక్కలను మాడుస్తుంది. నల్లాలానిది వెడల్పాకే. పొలంలో కొట్టుకోండి, సరే. గట్టు ఏం పాపం చేసింది?

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు జారిపడి మోకాలు గీరుకుంది. బోరు నీళ్లతో కడిగి, ఆకు కోసం వెతికాను. ఈ గట్టున లేదు, ఆ గట్టునా లేదు. చివరికి రోడ్డు పక్కన మైలురాయి మొదట్లో నాలుగు మొక్కలు దొరికాయి. తెచ్చి ఆకులు కడుగుతుంటే, "తాతా, ముందు ఆ పువ్వియ్యి" అంది. ఏడుపు మరిచి, కాడ మెలేసి, రావణాసురుడి తల ఎగరగొట్టింది.