పోస్టరు వేరు, సమీక్ష వేరు

నేడు చేతిలోని ఫోనుతోనే సినిమా తీయవచ్చును. వెలిగండ్ల విద్యార్థులు నలుగురు కలసి ఒక పోరాట చిత్రము తీసినచో ఆశ్చర్యపడవలసినది లేదు; సంతోషింపవలసినదే. చిక్కు తరువాత వచ్చును. పోస్టరు గీసిన చేయియే సమీక్షను కూడ వ్రాయును.

పోస్టరు ఒక పిలుపు. పిలుపులో కొంత అతిశయోక్తి క్షమార్హము; అయినను చిత్రములో లేని హెలికాప్టరును పోస్టరుపై ఎగురవేయుట మోసమే. 1989లో విడుదలైన 'శివ' కళాశాల విద్యార్థుల కథ. అందు నాయకుడు సైకిలు గొలుసు తెంపి పోరాడిన ఘట్టమును జనులు నేటికిని మరువలేదు. పది ముఖములు, నాలుగు మంటలు క్రుక్కుటకంటె కథలోనిదే అట్టి వస్తువొకటి పెద్దదిగా గీసిన చాలును. దారిని పోవువాడు పోస్టరును చూచునది రెండు క్షణములే గదా! ఈ విద్యకు తెలుగున గ్రంథము లేకపోలేదు. బాపు 'సాక్షి' (1967)తో పోస్టర్ల రూపకల్పనకు వచ్చిన ఈశ్వర్ 'సినిమా పోస్టర్' అను పుస్తకము వ్రాసెను. అది బడి గ్రంథాలయమున ఉండదగినది.

సమీక్ష పిలుపు కాదు, సాక్ష్యము. నటించినవాని మిత్రుడు "అద్భుతము" అని వ్రాసినచో అది పోస్టరు క్రింద మరియొక పంక్తి మాత్రమే. దెబ్బ తగులక మునుపే పడిపోయిన దుష్టుని గూర్చి, గాలి హోరులో వినబడని సంభాషణను గూర్చి వ్రాసినవాడే తీసినవారికి మేలు చేసినవాడు. కథకుడైన కొడవటిగంటి కుటుంబరావు సినిమాలపై విరివిగా వ్యాసములు వ్రాసెను. పిల్లలకు వానిని చదివి వినిపింపవచ్చును.

తెలుగు ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటి కలదు. చిత్రముతో సంబంధము లేని తరగతి పిల్లలచేత సమీక్ష వ్రాయించి, దానిని పోస్టరు ప్రక్కనే, అదే గోడకు అంటింపవలెను.