మరచిపోనివ్వని బండి

మొన్న ఆదివారం బెంగుళూరు నుండి ఒకాయన ఫోన్ చేసి, మా ఇంట్లో ఉన్న రాజ్‌దూత్ 350 బండిని అమ్ముతారా అని అడిగారు. ఆయన చెప్పిన ధర, 1986లో మా అన్నయ్య దాన్ని కొన్న ధరకు ఎన్నో రెట్లు. "ఆలోచించి చెబుతానండీ" అని ఫోన్ పెట్టేశాను. పక్కనే ఉన్న మా అబ్బాయి, "ఇందులో ఆలోచించడానికి ఏముంది నాన్నా? వారానికి ఒకసారి బెంజ్ సర్కిల్ దాకా తిప్పుకు రావడానికేగా నీకు అది!" అన్నాడు. ఏముందో వాడికి ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే ఈ టపా.

తెలియనివారి కోసం కొంచెం పూర్వకథ. యమహా కంపెనీ 1973లో జపానులో తెచ్చిన ఆర్‌డి 350కి ఇది భారతీయ రూపం. ఫరీదాబాదులోని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుండి దీన్ని తయారు చేసింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు. జపాను బండి శక్తి 39 హార్స్‌పవర్ కాగా, మన పెట్రోలు ధరలను దృష్టిలో ఉంచుకుని ఇక్కడ దాన్ని మొదట 30.5కు, తరువాతి నమూనాలో 27కు తగ్గించారు. ఆనాటి 350 బుల్లెట్ శక్తి 18 హార్స్‌పవర్ అని గుర్తు చేసుకుంటే, ఇంత తగ్గించిన తరువాత కూడా అది ఎటువంటి బండో ఊహించవచ్చు.

అయినా అది నిలబడలేదు. లీటరుకు పాతిక కిలోమీటర్లు వస్తే గొప్ప అనుకునే ఆ బండి పక్కకు, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి నిలిచింది. పెట్రోలు పోయించు, మూత బిగించు, ఇక మరచిపో అన్నది దాని ప్రకటన. మధ్యతరగతి జనం ఆ మాటను మనసారా నమ్మారు; నమ్మడంలో తప్పూ లేదు. ఆ దశకం ముగిసేసరికి 350 తయారీ దాదాపు ముగిసిపోయింది.

నా అభిప్రాయభేదమంతా ఆ 'మరచిపో' అన్న మాటతోనే. మరచిపోదగిన యంత్రం మంచి పనిముట్టు, కాదనను. కాని మరచిపోయిన వస్తువుకు మనం యజమానులమని చెప్పుకోవడం ఏపాటి సమంజసం? రిజిస్ట్రేషను పుస్తకంలో పేరు ఎవరిదైనా కావచ్చు. ఆ వస్తువుకు ఎప్పుడు ఏమి కావాలో ఎవరికి గుర్తుంటుందో, వారిదే అది. 1991లో మస్కట్ వెళ్తూ మా అన్నయ్య నాకు తాళంచెవి ఇచ్చినప్పుడు బండి గురించి గొప్ప మాటలేమీ చెప్పలేదు. "ఒరేయ్, ఆయిల్ డబ్బా చూసుకోకుండా తాళం తిప్పకు" అన్నాడు, అంతే. నా యాజమాన్యం ఆ వాక్యంతో మొదలయింది.

రెండు సిలిండర్ల బండిని పోషించడంలో ఒక విశేషం ఉంది. ఒంటి సిలిండరు బండి ప్లగ్గు విప్పి చూస్తే, అది బాగుందా లేదా అన్న ప్రశ్నకు మన అనుభవమే సమాధానం చెప్పాలి. రెండు సిలిండర్లుంటే ఒకదానికి మరొకటి సాక్షి. రెండు ప్లగ్గులనూ విప్పి అరచేతిలో పక్కపక్కన పెట్టుకోవాలి. రెండూ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే నిశ్చింత. ఒకటి తెల్లబడి మరొకటి గోధుమరంగులో ఉంటే, తెల్లబడిన వైపు గాలి ఎక్కువై ఇంజను వేడెక్కుతోందని అర్థం. రెండు కార్బ్యురేటర్లు, రెండు పాయింట్లు, రెండు సైలెన్సర్లు. ప్రతి పనికీ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: రెండూ సమానంగా ఉన్నాయా? యాక్సిలరేటరు తిప్పినప్పుడు రెండు కార్బ్యురేటర్ల స్లైడులూ ఒకేసారి లేవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఒక సిలిండరు పని మరొకటి మోస్తూ ఉంటుంది. బండి నడుస్తూనే ఉంటుంది కనుక ఆ సంగతి మనకు తెలియదు.

ఈ పాఠం నేను పుస్తకంలో చదువుకోలేదు. 1998 వేసవిలో హైదరాబాదు నుండి విజయవాడ వస్తున్నాము. వెనుక సీటుపై నా శ్రీమతి. బయలుదేరే ముందు ఎడమ ప్లగ్గు తెల్లగా కనిపించింది. కుడి ప్లగ్గు బాగానే ఉంది గదా అని సమాధానపడి, బిగించేశాను. నందిగామ చేరువలో ఎడమ పిస్టను సీజయి, వెనుక చక్రం బిగుసుకుపోయింది. చేయి తనంతట తాను క్లచ్ పట్టేసింది కాబట్టి ఈనాడు ఈ మాట వ్రాయగలుగుతున్నాను. అదే క్షణంలో వెనుక లారీ ఏదీ లేకపోవడం మాత్రం నా ప్రతిభ కాదు. ఆ సాయంత్రం బండిని ఒక మినీ లారీలో వేసుకుని ఆటోనగర్ చేర్చాము. విప్పి చూస్తే క్రాంక్ పక్కనుండే ఆయిల్ సీలు గట్టిపడి గాలి పీలుస్తోంది. వస్తువుగా చూస్తే రబ్బరు చుట్ట, దాని ఖరీదు ఎంతో ఉండదు. సాక్షి చెప్పిన మాటను వినకపోవడం ఖరీదయిన పని. మా ఆవిడ ఆ తరువాత రెండేళ్ళు ఆ బండి ఎక్కలేదు. ఆమెను తప్పు పట్టలేను.

ఇంతవరకు చదివినవారికి ఇది ఒక పాత ప్రేమికుడి స్తోత్రంలా తోచవచ్చు. అందుకని ఎదుటి పక్షం వాదన కూడా నేనే వినిపిస్తాను. టూ స్ట్రోక్ ఇంజనులో కొత్తగా వచ్చిన పెట్రోలు కొంత మండకుండానే ఆయిలుతో కలిసి సైలెన్సరు గుండా బయటికి పోతుంది. ఆ నీలిపొగ అందం కాదు, ఇతరుల ఊపిరితిత్తులపై మనం వేసే పన్ను. 15 ఏళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. ఇరవై ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనాలకు ఆ రుసుమును 2025లో 2,000 రూపాయలు చేశారు. కొందరు మిత్రులు దీన్ని అన్యాయమంటున్నారు. నాకు అలా అనిపించలేదు. పొగ వదిలే హక్కు కోరేవాడు కొంత చెల్లించడం ధర్మమే. ఇక పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో, పాత రబ్బరు గొట్టాలు త్వరగా పాడవుతాయి. మిశ్రమం పలచబడి ఇంజను మరింత వేడెక్కుతుంది. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచుకున్నాను, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచడం మానేశాను. అంటే, మరచిపోకూడని విషయాల పట్టికలో మరి రెండు చేరాయన్నమాట.

అసలు కొరత విడిభాగాలది కూడా కాదు. వెతికితే పిస్టన్లు దొరుకుతాయి, సీళ్ళు దొరుకుతాయి. ఆటోనగర్‌లో బోరు చేసే లేతులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. దొరకనివి చేతులు. ముప్ఫై ఏళ్ళు ఈ బండిని చూసిన మా మేస్త్రీ పాయింట్ల గ్యాపును గేజి లేకుండా, చెవితో సరిచేసేవాడు. ఇప్పుడాయనకు చూపు తగ్గింది, షెడ్డు మూసేశాడు. క్రిందటి సంక్రాంతికి బండి వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. వీధి అరుగు మీద కూర్చుని, స్టాండు వేసి ఉన్న ఇంజను శబ్దం కాసేపు విని, "కుడి పక్క కొంచెం బరువుగా ఉంది బాబూ" అన్నాడు. ఇంటికి వచ్చి చూస్తే, కుడి కార్బ్యురేటరు కేబులు వదులయి ఉంది. ఆ చెవిలో ఉన్న విద్యను ఎవరూ నేర్చుకోలేదు. నేనూ నేర్చుకోలేదు; కొన్నది గేజి మాత్రమే.

కనుక మా అబ్బాయికి నా జవాబు ఇది. బండిని అమ్మకూడదన్న పట్టుదల నాకు లేదు. వాడికి ఇష్టం లేని బరువును వారసత్వం పేరుతో వాడి నెత్తిన పెట్టడం కూడా ఇష్టం లేదు. కాని దాన్ని అద్దాల గదిలో అలంకారంగా నిలబెట్టేవారికి ఇవ్వను. నడవని టూ స్ట్రోక్ ఇంజను లోపల సీళ్ళు ఎండి చస్తుంది. రీలు తీసి జాలంలో పెట్టడానికి కొనే కుర్రవాడికి అసలే ఇవ్వను. ఆ వేగానికి ఆ డ్రమ్ము బ్రేకులు చాలవు.

బెంగుళూరాయనకు రేపు ఫోన్ చేసి ఒక షరతు చెప్పబోతున్నాను. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, కాఫీ త్రాగి, రెండు ప్లగ్గులూ తన చేత్తో విప్పి, ఆ రంగులు చూసి ఏ సిలిండరు ఏమంటోందో నాకు చెప్పాలి. చెప్పగలిగితే ధరలో ఆయన అడిగినంత తగ్గిస్తాను. చెప్పలేకపోతే, నేర్చుకునేదాకా మరి కొన్ని ఆదివారాలు రమ్మంటాను. ఆ ఆదివారాల్లో మా అబ్బాయి కూడా పక్కన కూర్చుంటే నాకు అభ్యంతరం లేదు.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. కుట్టుమిషను కావచ్చు, వాల్వు రేడియో కావచ్చు, తాతగారి గోడగడియారం కావచ్చు. దాని అవసరాలు మీ ఇంట్లో ఎవరికి గుర్తున్నాయో ఒకసారి విచారించి, వీలైతే నాకూ చెప్పండి.