ఊరి మర్యాద, ఊరి లెక్క

దేశం మీద ప్రేమ ఉన్నవాళ్లు దేశంలోని తప్పులను నలుగురిలో ఎత్తకూడదని ఈమధ్య టీవీ చర్చల్లో గట్టిగా వినిపిస్తోంది. నాకిది పాత మాటే. అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి తిరిగిన కాలంలో ఏ ఊరికి పోయినా ఎవరో ఒక పెద్దమనిషి పక్కకు పిలిచి చెప్పేవాడు: "ఏం పాపా, మన జిల్లా బిడ్డవే గదా, ఊరి మర్యాద తీసేకి వచ్చినావా?" ఆ మాట అన్నాయన దొంగ కూడా కాదు. గుడికి చందా ఇచ్చేవాడు, జెండా పండగకు బడిపిల్లలకు చాక్లెట్లు పంచేవాడు. ఊరంటే ఆయనకు నిజంగానే ప్రాణం. కాకపోతే ఆ ఊళ్లో కూలి అందని వాళ్లు ఆయన లెక్కలోకి రారు.

తనిఖీ పెద్ద విద్యేం కాదు. కూలీల ఇళ్లలో పుట్టి పదో, ఇంటరో చదివిన పిల్లలకు శిక్షణ ఇచ్చి, సొంతూరికి కాకుండా పక్క ఊళ్లకు పంపేవారు. మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) కట్ట చంకన పెట్టుకుని గడప గడపకూ పోవాలి. అవ్వా, ఫలానా వారం కరువు పనికి పోయినావా, ఎన్ని దినాలు పోయినావు, చేతికెంత వచ్చింది? అవ్వ చెప్పింది కాగితంలో ఉన్నదాని పక్కన రాసుకోవాలి. తర్వాత టేపు పట్టుకుని పని జరిగిన చోటికి. కొలతలు రాసే ఎం బుక్కులో మీటరు లోతున్న గుంత కొన్నిచోట్ల మోకాలు దాటేది కాదు.

ఇళ్ల దగ్గర చాలామంది "మాకంతా సరిగానే అందింది" అనేవాళ్లు. పాస్‌బుక్కులన్నీ కూలీల జట్టును నడిపే మేటీ ఇంట్లో ఉంటే ఇంకేమంటారు! అసలు సంగతి గ్రామసభలో తేలేది. ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర మస్టరు చదువుతుంటే ఒక పేరు దగ్గర జనం గొల్లుమని నవ్వారు. ఆ మనిషి కువైట్‌లో ఉన్నాడు, కాగితంలో మాత్రం ఊరి చెరువులో మట్టి ఎత్తుతున్నాడు. ఇంకొన్ని పేర్లు చదివాక నవ్వులు ఆగిపోయాయి. ఒకామె కొంగు బిగించుకుని లేచింది. "అది మా ఇంటాయన పేరు. సచ్చిపోయి రెండేండ్లాయ. ఆయప్ప పేరుతో దుడ్లు ఎవురు తిన్యారో ఇప్పుడే సెప్పల్ల." ఆ తర్వాత, అంతా సరిగానే ఉందని నాతో చెప్పినవాళ్లే ఒక్కొక్కరు లేచారు. మోసం వాళ్లకు కొత్త కాదు. ఎవరికి వాళ్లుగా తెలిసినదాన్ని ఊరంతా ఒకచోట కూచుని వినడం కొత్త.

ఈ పద్ధతి మాకు రాజస్థాన్ నుంచి వచ్చింది. 1990లో అక్కడ దేవ్‌డుంగ్రీ అనే పల్లెను కేంద్రంగా చేసుకుని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. ఐఏఎస్ వదిలేసి వచ్చిన అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటి వాళ్లు ఆ ప్రాంతపు కూలీలతో కలిసి పెట్టిన సంఘం. కూలి తక్కువెందుకు ఇచ్చారంటే, మీరు చేసిన పని అంతేనని రికార్డులో ఉందని అధికారులు అనేవారు. ఏదీ ఆ రికార్డు అంటే రహస్యం అనేవారు. చెరువు మట్టి లెక్కలో రహస్యమేముంటుందో! 1994 డిసెంబరులో కోట్‌కిరానాలో మొదటి జన్ సున్‌వాయీ అనే ప్రజా విచారణ పెట్టి కాగితాలను బహిరంగంగా చదివారు. 1996లో బ్యావర్‌లో ఆ కాగితాలు చూసే హక్కు కోసం 40 రోజులు ధర్నా చేశారు. సమాచార హక్కు చట్టం దేశమంతటికీ వచ్చింది 2005లో. తట్ట మోసిన కూలి దగ్గర మొదలైన ప్రశ్న పార్లమెంటు దాకా పోవడానికి, ఆ మొదటి విచారణ నుంచి లెక్కేసినా, పదకొండేళ్లు పట్టిందన్నమాట. ఒక్కడొచ్చి రెండున్నర గంటల్లో అంతా కడిగేస్తాడని మన సినిమాలు నమ్మిస్తాయి గాని, ఈ కథలో అలాంటి మొనగాడు లేడు.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మా జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. తనిఖీలూ ఆ ఏడే మొదలయ్యాయి. 2009లో రాష్ట్ర ప్రభుత్వమే తన పనిని తనిఖీ చేయడానికి విడిగా ఒక సొసైటీ పెట్టింది. తన తప్పులు వెతికేవాళ్లకు తానే జీతమిచ్చి పంపింది. నన్నడిగితే ఈ దేశం గురించి గర్వంగా చెప్పుకోవాల్సిన వాటిలో అదొకటి.

దీంతో అంతా బాగైపోయిందని చెప్పను. తిన్నదాంట్లో కొంతే రికవరీ అయ్యేది. పేరు బయటపడ్డ మేటీని తీసేస్తే, మళ్లీ విడత తనిఖీకి పోయేసరికి ఆ పని వాళ్ల వదిన చేతికి వచ్చిన ఊరు నాకు తెలుసు. ఇట్లయితే ఏం మారిందని తోటి పిల్లలు నిరుత్సాహపడేవాళ్లు. అదే ఊళ్లో నేను అరుగెక్కక ముందే ఒక అవ్వ జాబ్ కార్డు, పాస్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టి "యాడ తేడా వచ్చిందో చూడు పాపా" అంది. పాస్‌బుక్కు ఇప్పుడు ఆమె ట్రంకు పెట్టెలో ఉంది. మేటీ ఎవరైనా ఇక ఆమెను అడగాల్సిందే.

అందుకే ఇప్పుడు జరుగుతున్నది చూస్తే గుబులుగా ఉంది. 2019లో సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతం కేంద్రం చేతిలోకి పోయాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని ఒక సెక్షన్‌ను మార్చేసింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారం ఇవ్వననే అధికారి, దానికి ప్రజా వ్యవహారాలతో సంబంధం లేదనో, బయటపెడితే గోప్యతకు అనవసరంగా భంగమనో చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు వ్యక్తిగతం అంటే చాలు. ప్రజాప్రయోజనం కింద అడిగే దారి ఇంకో సెక్షన్‌లో మిగిలే ఉంది. కానీ ఆ దారిన పోయి అప్పీళ్లు వేసుకునే ఓపిక కూలికి పోయే మనిషికి ఎక్కడిది? మస్టరులో పేర్లు వ్యక్తిగతమని రేపు ఒక ఆఫీసు అంటే, చనిపోయిన భర్త పేరు ఆ ఇల్లాలి చెవిన పడే దారేది?

కూలీల ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా దాచండి, తప్పక దాచాలి. ఎవరు ఎన్ని దినాలు పని చేశారు, ఎంత ఇచ్చారు అన్నది మాత్రం పంచాయతీ గోడ మీద పెయింటుతో రాయాలి. బడికి పోయే పిల్ల నిలబడి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో.