ఐదువందల పది కిలోమీటర్లు

హైదరాబాదు నుంచి విశాఖపట్నం ఎంత దూరమని ఎవరైనా అడిగితే, "ఎవరికి? మనిషికా, విమానానికా?" అని ఎదురు ప్రశ్న వేయడం నాకు అలవాటైపోయింది. విమానానికైతే లెక్క తేలిక. శంషాబాదు నుంచి విశాఖలో నౌకాదళం వారి ఆవరణలోని పాత విమానాశ్రయానికి భూగోళం మీద గీయగల అతి పొట్టి గీత సుమారు 510 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్సు కాజీపేట, బెజవాడ, రాజమండ్రి మీదుగా చుట్టు తిరిగి ఏడువందల పైచిలుకు నడుస్తుంది.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ఎగిరేదానికి 510 దాటడానికి నలభై నిమిషాలు చాలాలి. టిక్కెట్టు మీద మాత్రం గంటంబావు అని ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. విమానాల వారు కాలాన్ని లెక్కించేది చక్రాలు నేలను వదిలిన క్షణం నుంచి కాదు. నిలిపిన చోటు నుంచి కదిలింది మొదలు, అవతల మళ్ళీ నిలిచేదాకా. రన్‌వే దాకా పాకడం, వరుసలో తన వంతుకు ఆగడం, పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోవే. ఇంత తక్కువ దూరంలో పూర్తి వేగంతో ఎగిరే భాగం కొద్దిపాటిదే.

నా అభ్యంతరం ఆ గంటంబావు మీద కాదు. దానిని మన ప్రయాణకాలంగా మనమే నమ్మడం మీద.

2012 డిసెంబరులో ఒక మధ్యాహ్నం, గాజువాకలో మా మేనత్తకు బాగాలేదని కబురు వచ్చింది. సాయంత్రపు గోదావరికి ఇంకా వ్యవధి ఉంది. రాత్రంతా రైల్లో ఎందుకు, విమానమైతే గంటంబావే కదా అనుకొని, మర్నాటి మొదటి విమానానికి టిక్కెట్టు కొన్నాను. కూకట్‌పల్లిలో మూడున్నరకు బయలుదేరాను. శంషాబాదులో పొగమంచు. విమానం రెండున్నర గంటలు ఆలస్యం. గుమ్మం తొక్కేసరికి పదకొండు. ఆ రోజు గోదావరి తెల్లవారకముందే దువ్వాడలో ఆగిందట. అక్కడినుంచి మా వాళ్ళ ఇల్లెంత దూరమని! "ఎనిమిదింటి దాకా తెలివిలోనే ఉందయ్యా, నిన్నే అడిగింది," అన్నాడు బావ. ఆ తరువాత ఆవిడకు మళ్ళీ తెలివి రాలేదు.

పొగమంచును తిట్టి లాభం లేదు. నేను పోల్చినది తప్పుడు అంకెను.

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి. పై వంతెన దారి 2009లో వచ్చింది. రైలు మాత్రం విమానాశ్రయంతో పాటు రాలేదు. మద్రాసులో విమానాశ్రయానికి ఎదురుగానే తిరుసూలం స్టేషను. ఢిల్లీలో 2011 నుంచి ప్రత్యేక మెట్రో ఉంది. కనుక ఇది చేతకాని పని కాదు, చేయాలనిపించని పని.

ఇక విశాఖ వంతు భోగాపురం, నగరానికి నలభై అయిదు కిలోమీటర్ల అవతల. విమానానికి అది అదనంగా రెండు మూడు నిమిషాల మాట. గాజువాక మనిషి మాత్రం ఊరంతా దాటి వెళ్ళాలి. విమానాశ్రయానికి స్థలం చూసేనాడే అక్కడికి పట్టాలు వేసే డబ్బు కూడా లెక్కలో రాయాలంటాను. అది రాయనివారు గంటంబావు అని ప్రకటించే ముందు, కూకట్‌పల్లిలో మూడున్నరకు ఒకసారి ఆటో పిలిచి చూడాలి.